తిట్టుగా వాడిన గాజు

నేను ఒక ఎర్ర గాజును. కొలిమిలో కరిగి, చక్రం మీద తిరిగి, డజనులో ఒకదాన్నై టెక్కలి సంతకు వచ్చాను. నన్ను కొన్నది పోలిరాజు మాస్టారు. సైన్యంలో హవల్దారుగా చేసి వచ్చి, ఊరి బయట మైదానంలో కుర్రాళ్లకు సైన్యం, సరిహద్దు దళాల సెలక్షన్లకు శిక్షణ ఇస్తున్నాడు. మా డజనునంతా తాడుకు గుచ్చి రేకుల షెడ్డులో మేకుకు తగిలించాడు.

పరుగులో ఆఖరున వచ్చినవాడి చేతికి మమ్మల్ని ఎక్కించేవాడు.

"తొడుక్కోరా! ఆడదాన్లాగ ఒగురుస్తన్నావు. నువ్వేటి తుపాకీ పడతావు!"

అందరూ నవ్వేవారు. నాకు ఒళ్లు మండేది. నాట్లు వేసే చేతులకూ, ఈ వీరులకు చద్దన్నం పెట్టి పంపే చేతులకూ ఉన్నవి నాలాంటి గాజులే. వీళ్లకేమో గాజంటే పిరికితనమట! ఏ యుద్ధంలో వెన్ను చూపాను నేను?

ఒకరోజు దాలినాయుడు ఆఖరున వచ్చాడు. ఇరవై రెండేళ్లవాడు, పెళ్లై ఏడాది. అతని లావుపాటి కుడిచేతికి మాస్టారు మమ్మల్ని బలవంతంగా నెట్టాడు. తక్కినవి పగిలి మణికట్టు కోసుకుపోయింది. నేనొక్కదాన్నే మిగిలాను. వాచిన చేతి నుంచి నన్ను తియ్యలేక అలాగే ఇంటికి వెళ్లాడు.

జరిగింది తెలియని భార్య గౌరి సరదాగా నవ్వింది. "ఇదేటి, నా గాజులు సాలలేదా నీకు?"

ఆ చేత్తోనే కొట్టాడు. ఎడమ చెవిలోంచి రక్తం కారింది. కర్ణభేరి పగిలిందనీ, ఆ చెవికి ఇక వినిపించదనీ డాక్టరు చెప్పాడు. గౌరి ఆ వారమే పలాసలోని పుట్టింటికి వెళ్లిపోయి, జీడిపప్పు ఫ్యాక్టరీలో పనికి కుదిరింది.

రెండు నెలల తర్వాత మహిళా సంఘం నుంచి కృపావతి గారు ఆ షెడ్డులోనే మూడు రోజుల వర్క్‌షాపు పెట్టారు. సర్టిఫికెట్లు ఇస్తారంటే మాస్టారు ఒప్పుకున్నాడు. కుర్రాళ్లను గుండ్రంగా కూర్చోబెట్టి, మగాడు ఏమేం చేయకూడదో చెప్పమని ఆమె అడిగారు. ఏడవకూడదు, భయపడకూడదు, ఓడిపోకూడదు... చార్టు నిండిపోయింది.

"మరి ఓడిపోయినప్పుడు ఆ కోపం ఎక్కడికి తీసుకెళ్తారు?" అని అడిగారు.

దాలినాయుడు లేచి, వాపు తగ్గాక ఊడదీసి జేబులో ఉంచుకున్న నన్ను బయటికి తీశాడు.

"ఇక్కడ ఓడిపోనాను. ఇంటికెల్లి గెలిసినాను. మా ఆడమనిషి గౌరికి ఒక సెవి పోనాది," అంటూ ఏడ్చాడు.

మాస్టారు దిగ్గున లేచాడు. "ఏడుపేట్రా! రేపు శత్రువు ముందూ ఇలాగే ఏడుస్తావా?"

"మాస్టారూ, గౌరి ఏ దేశపు శత్రువండీ?" అన్నారు కృపావతి గారు.

మాస్టారు విజిల్ ఊది, "గ్రౌండుకి పదండి!" అన్నాడు. సగం మంది లేచి వెళ్లిపోయారు.

మర్నాడు దాలినాయుడు పలాస వెళ్లాడు. నన్ను గౌరి చేతిలో పెట్టి, "నాను మారిపోనాను, రా," అని ఏడుస్తూ బతిమాలాడు.

"గాజు తెచ్చినావు. సెవి తెచ్చినావా?" అంది గౌరి.

అతను తల దించుకుని వెళ్లిపోయాడు. వీధివాళ్లంతా అతని మీదే జాలిపడ్డారు. మగాడు అంతలా ఏడిస్తే మనసు కరగలేదా అని గౌరినే దెప్పారు. వాళ్లకు అతని కన్నీళ్లు కనిపించాయి గానీ ఆమె చెవి సంగతి ఒక్కరికీ పట్టలేదు. పగిలిపోయినా బాగుండేది, ఆ మాటలు వినే బాధ తప్పేది నాకు.

ఆ నెలలోనే జీడిపప్పు కార్మికులకు కృపావతి గారు ఫ్యాక్టరీ హాల్లో వర్క్‌షాపు పెట్టారు. గౌరి నన్ను బల్ల మీద పెట్టి, జరిగినదంతా చెప్పడం మొదలుపెట్టింది.

ముందు వరసలోని ముసలామె విసుక్కుంది. "ఎందుకే ఆ అరుపు? మెల్లగా సెప్పు."

"నాకు సగమే ఇనపడతాది, పెద్దమ్మా. మీకు మొత్తం ఇనపడాల," అని గౌరి గొంతు ఇంకా పెంచింది.

హాలు బయట పప్పు వలుస్తున్నవాళ్లు చేతులు ఆపి కిటికీల దగ్గరికి వచ్చారు.