మల్లేశు తెచ్చిన వేట

జంతువుల వేట మానుకుని ఏళ్ళు గడిచినా, ముంచింగిపుట్టు అవతలి ఆ కొండ ఊరు ఇటుకల పండగ అనే వేట పండగ నియమాన్ని మాత్రం వదులుకోలేదు. చైత్రంలో ఆ పండగ రోజుల్లో ఊరు దాటిన మగవాడు ఏదో ఒకటి సాధించుకొని రావాలి. వట్టి చేతులతో వస్తే ఆడవాళ్ళ చేత పేడనీళ్ళ స్నానం తప్పదు.

మెకానిక్ మల్లేశు నాలుగేళ్ళుగా తడవలేదు. ఆ గర్వం అణచాలని వదిన సోములమ్మ ఈసారి తానే వేట నిర్ణయించింది. ఆమె కాఫీ బస్తాలు తోలే కారుకు ముందువైపు, కుదుపులు అణిచే షాక్ అబ్జార్బరు ఒకటి విరిగింది. వెనకది ఒకటి నూనె కారుతోంది. రెండూ తేవాలి.

పార్వతీపురం పాతసామాన్ల దుకాణంలో అదే రకం కారు కనబడింది. అయితే దానికి ఇంజను బలంతో లాగేవి ముందు చక్రాలే. సోములమ్మ కారుకు నాలుగూ లాగుతాయి. ఒక్క కడుపు బిడ్డలే కదా అనుకొని, మల్లేశు ముందుదీ వెనకదీ రెండూ విప్పించుకొని, జింకను మోసుకొచ్చినంత దర్జాగా బస్సు దిగాడు.

సోములమ్మ పేడకుండతో ఎదురైంది.

"ఏటి మరిదీ, ఏ బండివి అవి?"

"నీ కారుకి తోబుట్టువు లాంటి బండివే వదినా. దానికి ముందు సక్రాలే లాగుతాయి, అంతే."

"కోడిని తెచ్చి మేకంతావేటి! బేగి బిగించు. పట్టకపోతే కుండ నీదే."

ఆడవాళ్ళు చుట్టూ మూగి పాట అందుకున్నారు. మల్లేశు జాకీతో కారెత్తి ముందుది నిలబెట్టాడు. పైన మూడు బోల్టులు, కింద రెండు, చెప్పినట్టు విని కూర్చున్నాయి.

"సూసినావా!" అంటూ గంతేశాడు.

వెనక వైపుకు వెళ్ళాక ఆ గంతు ఆగింది. ఈ కారులో వెనక చక్రాలకూ ఇంజను బలం చేరవేసే ఇరుసు ఉంది; దానికి చోటివ్వడానికి అక్కడి అమరికే మారిపోయింది. తెచ్చినది జానెడు మిగిలి, కింది రంధ్రం దేనికీ కలవలేదు. దుకాణంలో కొలత తీయని తప్పు తనదే. వెనక పాతదాన్నే మళ్ళీ బిగించాడు.

"తల అతికింది గానీ తోక అతకనేదు మరిదీ!"

"ముందు కొండెక్కించి సూడు వదినా, అప్పుడు తిట్టు."

ఆమె స్టీరింగు పట్టింది. నెలనుంచి గుంట గుంటకూ మూలిగిన కారు కిక్కురుమనకుండా మలుపెక్కి, హారన్ మోగిస్తూ దిగివచ్చింది. సోములమ్మ ముఖం వెలిగిపోతున్నా చెయ్యి కుండ మీదికే పోయింది.

"సగం వేటకి సగం కుండ. మిగతాది దాస్తాను. రేపు నాలుగు సక్రాలూ లాగేదాని వెనకది తే."

మల్లేశు చొక్కా విప్పి అద్దానికి తగిలించి, నవ్వుతూ తల వంచాడు. పేడనీళ్ళు కారుతుండగానే కారు కిందికి దూరి, ఈసారి టేపు పట్టుకొని కొలత తీశాడు.