చిన్నారావు ఫ్రేముకి నూనె

ఫోటో ఫ్రేము నోట్లో పెట్టుకుంటే ఏమవుతుందని పలాస బజారులో రంగుల కొట్టువాణ్ని అడిగిన మనిషి కుమారి ఒక్కతే అయివుంటుంది.

కొట్టు యజమాని సన్యాసి ముందు సరిగ్గా వినబడలేదనుకున్నాడు. వినబడ్డాక ఆమె చంకలో ఉన్న పిల్లని, చేతిసంచిలోంచి తీసి బల్ల మీద పెట్టిన పనస చెక్క ముక్కని మార్చి మార్చి చూశాడు.

"స్టెయిన్ ఏసుకోమ్మా. పనస సెక్క టేకులాగ తిరిగిపోద్ది. పైన వార్నీషు కొట్టినావనుకో, అందులో నీ మొకం కనపడతాది."

"నోట్లో ఎడితే?"

"ఆరిపోయాక ఏటవదు."

"గేరంటీయా?"

సన్యాసి పక్కనున్న పెయింటరు వైపు తిరిగి, "సూసినావా మావా, ఈ యమ్మ ఫ్రేముని ఉప్పూ కారం జల్లుకొని తింటాదట. గేరంటీ కావాలట," అన్నాడు. పెయింటరు పకపకా నవ్వాడు. కుమారి నవ్వలేదు. మూత తీసిన స్టెయిను డబ్బా వాసన చూసి, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, డబ్బాని వెనక్కి తోసేసింది.

తొమ్మిదో తరగతిలో బడి మానేసిన మనిషి. డబ్బాల మీద చీమల్లాంటి ఇంగ్లీషు అక్షరాల్ని కూడబలుక్కుని చదివింది. వాటన్నిటిలోనూ పుర్రె బొమ్మ ఒక్కటే బాగా అర్థమైంది.

ఉద్దానంలో పిల్లని కన్న తల్లికి భయపడటం ఎవరూ నేర్పక్కర్లేదు. తాగే నీళ్లనే నమ్మలేని చోట ఇంక దేన్ని నమ్ముతుంది? కుమారి మంచినీళ్లని కాచి, చల్లార్చి, మళ్లీ గుడ్డలో వడపోసి గానీ కూతురికి పట్టేది కాదు. మొగుడు చిన్నారావు సముద్రం మీద వేటకెళ్లి వలలు లాగిన మనిషి, చెట్టంత మనిషి, కిడ్నీలు పాడై మంచాన పడి కుమారి కళ్లముందే చీపురుపుల్లయిపోయాడు. అతను మంచం మీదున్నన్నాళ్లూ కూతురు మోహిని పడుకోబోయే ముందు గెడ్డం పట్టుకుని బుగ్గ మీద ముద్దు పెట్టేది. పోయాక కూడా ఆ పిల్లకి ఆ ముద్దు లేకపోతే నిద్ర రాలేదు. మంచం చుట్టూ తిరిగి వెతికేది. చూడలేక కుమారి సెల్‌ఫోన్ కొట్లో అచ్చేయించిన ఫోటో చేతికిచ్చింది. పిల్ల ముద్దు పెట్టింది, పడుకుంది. పొద్దున్న లేచేసరికి ఫోటోలో చిన్నారావు చెవి తడిసి పాడైంది.

అందుకే ఫ్రేము. మరిది యువరాజు తిత్లీ తుపానులో పడిపోయిన పనస చెట్టు పలకని అటక మీంచి దించి, చిత్రిక పట్టి, మూలలు అతికించి, అద్దం బిగించి ఇచ్చాడు. "రంగు నీ ఇట్టం వదినా. మా అన్నకి ఏది నప్పుతాదో నీకే ఎరిక," అన్నాడు.

మూడేళ్లు నిండని పిల్లకి గుర్తులేం మిగులుతాయి? ఆ ఒక్క ముద్దూ పోతే తండ్రి రెండోసారి పోయినట్టే. కుమారి పట్టుదలంతా దాని గురించే. ఆ ఫ్రేము పిల్ల ఒళ్లో ఉండాలి, పెదాలకి తగలాలి, తగిలినా ఏమీ కాకూడదు.

చివరికి సన్యాసి నవ్వడం మాని ఒక నిజం చెప్పాడు. "అవిసి గింజల నూనె ఉన్నాది. బేగి ఆరేది ఒకటి, అందులో మందు కలుపుతారు. కలపనిది ఇంకోటి. అది నోట్లో ఎట్టినా పరవానేదు గానీ మన సముద్రపు గాలికి ఎన్నాళ్లకి ఆరతాదో ఆ దేవుడికే తెలవాల."

"ఆరినన్నాళ్లు ఆరనీ," అని మందు కలపనిది తీసుకుంది. మందస సంతలో కొండ దిగివచ్చే సవర ఆడమనిషి దగ్గర తేనె మైనం ముద్ద తెచ్చుకుంది. ఇంటికొచ్చి యువరాజు కోసి పారేసిన చెక్క ముక్కల మీద ఒక్కొక్కటే పూసి చూసుకుంది. టీ డికాషన్ పూసిన ముక్క బురదలో నానినట్టయింది. కొబ్బరి నూనె పూసినదాని చుట్టూ తెల్లారేసరికి చీమలు పట్టేశాయి. అవిసి నూనె పూసిన ముక్క మాత్రం ఎండలో పెట్టిన తేనె సీసాలా మెరిసింది. పల్చగా పూయడం, పాత చీర ముక్కతో తుడవడం, ఆరబెట్టడం, మళ్లీ పూయడం. ఆ పనిలో ఉన్నంతసేపూ కుమారికి మొగుడి వీపు రుద్దుతున్నట్టే ఉండేది.

అత్త నీలమ్మకి ఇదంతా ఒళ్లు మంట.

"ఓలే, ఈ రుద్దుడేటే? జీడి నూనె ఒక్క పూత పూసి వొగ్గేయ్. తెప్పకి పూత్తే ఉప్పునీళ్లే దాన్నేటీ సెయ్యలేవు."

"అది తగిల్తే బొబ్బలెక్కుతాది అత్తా. పాప ముద్దెడతాది."

"ముద్దేటే ముద్దు! గోడకి కట్టి దండెయ్యాల. సచ్చిపోయినోడ్ని ఒళ్లో ఎట్టుకు ఆడుకుంతారేటి ఎక్కడైనా?"

"మా ఇంట్లో ఆడుకుంతారు."

"నీ ఇల్లు! నా కొడుకు కట్టిన ఇల్లే ఇది." అంతలోనే నీలమ్మ గొంతు మారింది. "నా మొగుడి పోటో సెదలు తినేసినాయి. మొకం నేదు, సొక్కా కాలరొక్కటీ మిగిలింది. నా కొడుకు మొకమూ తినాలేటి?"

నీలమ్మ పెళ్లయిన దగ్గర్నుంచీ పలాస జీడి బట్టీల్లో పిక్కలు కొట్టిన మనిషి. ఆమె వేళ్లు నల్లగా, నున్నగా, గీతలన్నీ అరిగిపోయి ఉంటాయి. ఆధారు మిషను కూడా వాటిని గుర్తుపట్టదు. పిక్కల పెంకులోంచి కారే ఆ జీడి నూనె ఆమెకి పసుపూ ఉప్పూ లాంటిది. దూలాలకి అదే, తలుపు చెక్కలకి అదే, కాళ్ల పగుళ్లకి కూడా అదే రాసుకునేది.

కుమారి తన మాటే నెగ్గించుకుంది. ఫ్రేముకి మైనం పట్టించి, వెనక అట్ట పెట్టి, టేపు అంటించింది. మర్నాడు పాపకి జలుబు చేసిందని కవిటి ఆస్పత్రికి వెళ్లింది.

ఆ పూటే నీలమ్మ టేపు విప్పింది. ముందువైపు చుక్క కూడా పడకుండా, ఒళ్లో గుడ్డ పరుచుకుని, ఫోటోనీ అద్దాన్నీ పక్కనపెట్టి, వెనకవైపు గాడిలోనూ మూలల సందుల్లోనూ జీడి నూనె నిండా పట్టించింది. పైన మళ్లీ అట్ట పెట్టి టేపు అంటించేసింది. కోడలికి చెప్పలేదు. చెబితే గొడవ. వెనక పూసినది ముందుకెలా వస్తుంది? పిల్ల ముద్దు పిల్లది, కొడుకు మొకం తనది, రెండూ దక్కుతాయనుకుంది ఆ పిచ్చి తల్లి.

కొన్నాళ్లు దక్కాయి కూడా. మోహిని ఫ్రేముని రెండు చేతులా పట్టుకుని, సగం అద్దం మీదా సగం చెక్క మీదా ముద్దు పెట్టి పడుకునేది. ఇంతలో ఎండలు ముదిరాయి. రేకుల కప్పు కింద ఇల్లు పెనంలా కాలింది. ఫ్రేము మూలల్లో, అతుకుల దగ్గర, చెక్క రంగు తిరగడం మొదలైంది. లేత గోధుమ రంగు కాస్తా బెల్లం రంగయింది. కుమారి చూసింది. చూసి సంబరపడింది. అవిసి నూనె ముదిరేకొద్దీ రంగు పండుతుందని కొన్ననాడే సన్యాసి చెప్పాడు కదా!

"సూడు మరిదీ, ఎంత బాగా తిరిగిందో," అని యువరాజుకి చూపించి, మూలల్ని గుడ్డతో ఇంకాస్త రుద్ది, అక్కడ ఊరిన చెమ్మని ఫ్రేము అంచు పొడుగునా పట్టించింది. వేళ్లు చిమచిమలాడితే చెమటకి పేలిందనుకుంది.

ఆ రోజూ పిల్ల ఎప్పట్లా ముద్దు పెట్టింది. మర్నాడు సాయంత్రానికి పెదాలు వాచాయి. ఆ మర్నాటికి బొబ్బలు. పై పెదవి తిరగబడిపోయింది, బుగ్గ మీద నల్లటి మచ్చ పడింది. పాలు తాగబోతే కెవ్వుమంది. ఆస్పత్రిలో నర్సమ్మ చూస్తూనే, "జీడికాయ కొరికిందా? సీజను కదా, రోజుకొకరు వస్తున్నారు," అంది.

"లేదండి. మా దొడ్లో జీడి చెట్టే లేదు."

"జీడేనమ్మా ఇది. ఇంట్లో చూసుకో."

కుమారి ఆటోలో వస్తున్నంతసేపూ చూసుకుంది, మనసులోనే. పళ్లెం, గ్లాసు, దుప్పటి, తన కొంగు. ఇంటికొచ్చి పిల్లని యువరాజుకి అందించి తిన్నగా ఫ్రేము దగ్గరికి పోయింది. టేపు ఊడదీసింది. అట్ట నల్లగా అంటుకుపోయి ఉంది. గుప్పుమని జీడి బట్టీ వాసన.

"అత్తా!"

నీలమ్మ గుమ్మంలోకొచ్చి నిలబడింది. దాచలేదు. "ఎనకాల పూసినాను. ముందుకి పుయ్యనేదు. నా కొడుకు మీదొట్టు, సుక్క పడనియ్యనేదు."

"నేను సెప్పినాను కదా! ఎన్నిసార్లు సెప్పినాను!"

"ఇన్నేళ్లు ఇందులోనే ముంచినాను నా సేతులు. నాకేటైందే?" అంటూ ఆ గాడిలో వేలు పెట్టి, తీసి చూపించింది. వేలు నల్లగా మెరిసింది.

"నీ సేతులకి ఏటి తెలుస్తాది?" అంది కుమారి. "సచ్చిపోయిన సేతులవి."

ఆ చేతులు కొట్టిన పిక్కలతోనే చిన్నారావు పెరిగాడు. చివరి నెలల్లో అతనికి ఒళ్లు తుడిచినవీ ఆ చేతులే. కుమారికి అది తెలుసు. తెలిసీ వెనక్కి తీసుకోలేదు. గుడ్డతో రుద్ది రుద్ది ఆ నూనెని అంచు పొడుగునా పరిచింది తన చేతులేనన్న సంగతి మాత్రం అత్తకి చెప్పలేదు. యువరాజుకి తెలుసు. అతను తల దించుకుని పిల్లని ఎత్తుకుని బయటికి వెళ్లిపోయాడు.

పిల్ల పెదాలు మానాయి. పొక్కులు రాలి, కింద లేత చర్మం గులాబీ రంగులో వచ్చింది. యువరాజు పాత ఫ్రేముని, జీడి పొగ తగిలినా పొక్కుతుందని, పొయ్యిలో పెట్టకుండా ఎక్కడో పాతిపెట్టి, కొత్తది చేసి తెచ్చాడు. ఈసారి కుమారి దానికి ఏమీ పూయలేదు. వట్టి చెక్క. చెదలు తింటే తిననీ అనుకుంది. వెనక్కి తిప్పి చూసుకుంది, మూలలు వాసన చూసుకుంది, తన నాలుక ఆనించి చూసుకుంది. అప్పుడు పిల్ల ముందు పెట్టింది.

"నాన్నకి ముద్దెట్టమ్మా."

మోహిని రెండు చేతులతోనూ నోరు మూసుకుంది.

"ఏటీ అవదు బుజ్జీ. సూడు, అమ్మ ఎడతాది." కుమారి అద్దం మీద పెదాలు ఆనించింది. పిల్ల ఏడుపు లంకించుకుంది. తల్లి మొహాన్ని ఫోటో నుంచి లాగేస్తూ, "వొద్దు, నాన్న మంట! నాన్న మంట!" అని అరిచింది.

మర్నాడూ అంతే. ఆపై వారమూ అంతే. ఫోటో మంచం మీదుంటే పిల్ల ఆ మంచం ఎక్కడం మానేసింది. దాన్ని బోర్లిస్తే, బోర్లించిన అట్టని చూసి కూడా దూరం జరిగింది. చివరికి ఒకరోజు కుమారే యువరాజుని పిలిచి, "గోడకి మేకు కొట్టు," అంది.

"ఏ ఎత్తులో వదినా?"

"దానికి కనపడనంత ఎత్తులో."

మేకు దిగుతుంటే నీలమ్మ అరుగు మీద కూర్చునే ఉంది. దండ తెస్తానని లేవలేదు. తను కోరుకున్నదే అయినా గోడవైపు కళ్లెత్తలేదు.

మొన్న పొరుగింటి బుచ్చమ్మ వచ్చి మోహినిని ఒళ్లో కూర్చోబెట్టుకుని, "ఏ గుంటా, మీ నాన్నేడే?" అని ముద్దుగా అడిగింది. పిల్ల తలెత్తకుండానే గోడ పైకి వేలు చూపించింది. తర్వాత బుచ్చమ్మ మెడలో మొహం దాచేసుకుంది.

"సిగ్గుపడతన్నాదే," అంది బుచ్చమ్మ నవ్వుతూ.

"అవును, సిగ్గే," అంది కుమారి, చేటలో బియ్యం ఏరుతూ.