ఆవిరి గదిలో రెండు ఫిల్టర్లు

కుయిక్కవార పల్లెలో బిడ్డ పేరు బాప్తిస్మం దాకా ఎవరికీ చెప్పరు. అడగడం మర్యాద కాదు. అందుకని తాత కౌకో అడగలేదు. పొద్దున కాఫీ దగ్గరా, రాత్రి సూపు దగ్గరా "కౌకో అని పిలుస్తుంటే నోటికి ఎంత హాయిగా ఉంటుందో!" అని మాత్రం గోడతో చెప్పుకునేవాడు. కూతురు మిర్వా వినిపించుకోనట్టు బిడ్డ వీపు తట్టేది.

పోటీ లేకపోతే ఇంత తంటా ఉండేది కాదు. దక్షిణాన ఉండే వియ్యంకుడు హెయిమో మనవడికి వెండి చెంచా పంపాడు. దాని మీద తన పేరులోని మొదటి అక్షరం చెక్కించి, మిగతా అక్షరాలకు చోటు వదిలాడు. ఆ చెంచా చూసిన రోజు కౌకో అన్నం ముట్టలేదు.

ఇంట్లోనే జరిగే బాప్తిస్మం నాటికి చలి సున్నాకు ముప్ఫై రెండు డిగ్రీలు కిందికి దిగింది. రాత్రి కురిసిన మంచుతో దారి పూడిపోయింది. ఊరి దారి బాగోగులు చూసే సంఘానికి అధ్యక్షుడు కౌకోనే, మంచు తోసే ట్రాక్టరూ కౌకోదే. పాస్టరమ్మను హెయిమో తన వ్యానులో తీసుకొస్తున్నాడు. మధ్యాహ్నం చర్చిలో ఒక అంత్యక్రియ ఉంది కాబట్టి ఆమె ఎక్కువసేపు ఆగదు.

"దారి తెరిచి పాస్టరమ్మను నా వెనకాలే ఇంటికి తెస్తాను. ఆ తర్వాత పిల్లాడికి ఎవరి పేరు పెట్టాలో మిర్వాకి వేరే చెప్పాలా?" అన్నాడు కౌకో, టోపీ చెవుల మీదికి లాక్కుంటూ.

"ట్యాంకులో ఏముంది?" అంది భార్య సిర్క్కా.

"డీజిల్."

"గడ్డి కోతలప్పుడు పోసిందేనా? అది ఎండాకాలం సరుకయ్యా. చలికి మైనం కట్టుద్దని అక్టోబరు నించీ మొత్తుకుంటున్నా."

"చలి మనుషులకే గాని ట్రాక్టర్లకి కాదే! డీజిలంటే డీజిలే. దానికి చలికాలం చొక్కా ఒకటి, ఎండాకాలం చొక్కా ఒకటీనా?"

కొట్టం వెచ్చగా ఉంది. తాళం తిప్పగానే ట్రాక్టరు గర్జించింది. కౌకో కిటికీలోంచి భార్య వైపు ఒక చూపు విసిరి, మంచును రెండు పక్కలకూ చిమ్ముకుంటూ పెళ్ళికొడుకులా వెళ్ళాడు. ఉత్తరాల పెట్టెలున్న మలుపు దగ్గర ట్రాక్టరు ఒకసారి దగ్గింది. రెండోసారి దగ్గింది. ఆగిపోయింది.

ఎదురుగా, పూడిన దారి అంచున హెయిమో వ్యాను కూడా ఆగి ఉంది. బానెట్ ఎత్తి ఉంది. లోపల పాస్టరమ్మ రెండు కంబళ్ళు కప్పుకుని, ముక్కు మాత్రం బయట పెట్టి కూర్చుంది.

"ఏం బావగారూ, దారి చూపించడానికి వచ్చి మీరే ఆగిపోయారే!" అన్నాడు హెయిమో.

"ఊపిరి పీల్చుకోనిస్తున్నా లెండి. మీ బండి ఏమంటోంది?"

"మా పొలంలో ఆవగింజల నూనెతో నేను స్వయంగా చేసిన డీజిల్ బావగారూ, స్వచ్ఛమైన సరుకు. మీ ఉత్తరాది గాలే దానికి పడటంలేదు."

"వంటనూనె పోస్తే బండి నడవదు, బావగారూ. బజ్జీలు వేగుతాయి."

"మీది మరి? గడ్డకట్టిన వెన్నలా ఉందే!"

ఇంతలో ట్రాక్టరు ఆగడం ఇంటి కిటికీలోంచి చూసిన సిర్క్కా, మంచు మీద జారే స్కీలు కట్టుకుని వచ్చింది. భుజాన ఇంకో జత ఉంది. మగవాళ్ళిద్దరినీ దాటుకుని వ్యాను దగ్గరికి వెళ్ళింది. పాస్టరమ్మ చేతికి ఆ జత ఇచ్చింది. పాస్టరమ్మ అంగీ మడిచి నడుముకు దోపుకుని, ఇద్దరు తాతలకూ దేవుని కృప కోరి, చకచకా జారుకుంటూ సాగిపోయింది.

"ఐదు నిమిషాల్లో వస్తున్నాం!" అని అరిచాడు కౌకో.

తాతలిద్దరూ బళ్ళ డీజిల్ ఫిల్టర్లు ఊడదీశారు. రెండిటి నిండా తెల్లటి మైనం. ముందురోజే వచ్చిన చుట్టాల స్నానాల కోసం సిర్క్కా ఇంటిని ఆనుకుని ఉన్న ఆవిరి గది పొద్దున్నే వేడి చేసి పెట్టింది. ఇద్దరూ ఇంటికి నడిచొచ్చి, మైనం కరగడానికి చెరో బకెట్టులో ఫిల్టరు పెట్టుకుని, నడుముకు తువ్వాలు చుట్టుకుని, పై బల్ల మీద కూర్చున్నారు. గది అంతా ఒక మూల పెట్రోలు బంకు కంపు, ఇంకో మూల వేపుళ్ళ వాసన.

"మీది కరిగిందా?" అన్నాడు హెయిమో.

"నాది గడ్డకడితే కదా కరగడానికి! కాస్త తేమ చేరింది, అంతే. మీ ఆవనూనె సంగతి చూసుకోండి."

"నా నూనెకేం లోటు లేదు. ఫిల్టరే నాసిరకం."

గోడ అవతల ఇంట్లోంచి పాట వినిపించింది.

"పాట సాధన చేస్తున్నారు. మనం లేకుండా మొదలెట్టరు," అన్నాడు కౌకో.

హెయిమో చెవి గోడకు ఆనించాడు. "బావగారూ, ఇది బిడ్డ నెత్తిన నీళ్ళు చల్లాక పాడే పాట."

ఇద్దరూ తువ్వాళ్ళతోనే మంచులో పరుగెత్తి, ఒళ్ళంతా ఉడికించిన బీటుదుంపల్లా ఎర్రబడి గడపలో నిలబడ్డారు. అంత్యక్రియకు వేళైందని పాస్టరమ్మ కాఫీ కూడా ముట్టకుండా, అప్పుడే పెద్దరోడ్డు వైపు స్కీల మీద వెళ్ళిపోయింది. చుట్టాలు కేకు కోస్తున్నారు. ఉయ్యాలలో బిడ్డ నిద్రపోతున్నాడు.

"పేరేంటి?" ఇద్దరూ ఒక్కసారే అడిగారు.

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా సిర్క్కా వైపు చూశారు. మిర్వా నవ్వు ఆపుకుని పెదవి బిగించింది. సిర్క్కా కాఫీ కూజా కింద పెట్టింది.

"'నేను పోసిన నూనె తప్పు' అని ముందు ఎవరు ఒప్పుకుంటే వాళ్ళ చెవిలో పేరు చెబుతా. ఒప్పుకోనివాళ్ళు పిల్లాడికి మాటలొచ్చాక వాణ్ణే అడిగి తెలుసుకోవచ్చు," అంది.

హెయిమో గడ్డం పైకెత్తాడు. స్వచ్ఛమైన నూనె చేసిన మనిషి ఎక్కడా తలవంచడు. కౌకో ఉయ్యాల వైపు చూశాడు. కిటికీలోంచి మలుపు దగ్గర మంచులో ఆగిపోయిన ట్రాక్టరు వైపు చూశాడు. తువ్వాలు బిగించుకున్నాడు.

"ఎండాకాలం సరుకే పోశా," అన్నాడు, పళ్ళు నూరుతూ. "చలికి మైనం కట్టింది."

"ఇంకాస్త గట్టిగా అను. మా పిన్నికి చెవుడు," అంది సిర్క్కా.

"మైనం కట్టిందే!"

సిర్క్కా వంగి అతని చెవిలో ఆ పేరు చెప్పింది.

హెయిమో.

కౌకో ఒక్క క్షణం ట్రాక్టరులాగే దగ్గాడు. అంతలోనే వియ్యంకుడి ముఖం కంటబడింది: ఇంకా ఎర్రగా, ఆశగా, ఉయ్యాలకీ కౌకో పెదవులకీ మధ్య తిరుగుతూ. కౌకో మెల్లగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కాఫీ పోసుకున్నాడు. పెద్ద కేకు ముక్క తీసుకున్నాడు. బిడ్డ పుట్టినప్పటి నుంచీ అతని ముఖంలో ఇంత నవ్వు ఎవరూ చూడలేదు.

"ఎంత మంచి పేరు పెట్టావమ్మా మిర్వా!" అన్నాడు.

"మీదేనా, బావగారూ?" అన్నాడు హెయిమో నీరసంగా.

"నూనె సంగతి చెప్పండి ముందు," అన్నాడు కౌకో.

హెయిమో గడ్డం మళ్ళీ పైకెత్తాడు. బల్ల మీది వెండి చెంచా పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ఆవిరి గదిలో రెండు ఫిల్టర్ల మైనమూ ఎప్పుడో కరిగిపోయింది.