ఊపిరిలో పొట్టు

గులాబీ రంగు.

ముందు అంతా గులాబీ రంగే. మైక్రోస్కోపుకు కన్ను ఆనించగానే ఒక వెలుతురు, ఆ వెలుతురు నిండా తెల్లవారే ముందు తూర్పున పరుచుకునే రంగు. మెల్లగా మర తిప్పుతాను. అంచులు తేలతాయి. ఊదా చుక్కలు తేలతాయి. చుక్కలన్నీ కణాల లోపలి కేంద్రకాలు. వాటి మధ్య తెల్లటి ఖాళీలు.

ఖాళీలు కావు అవి... నిన్న మొన్నటి దాకా గాలి ఆడిన చోట్లు.

ఇది ఒక దూడ ఊపిరితిత్తి.

ఏడుపు రావాలేమో. నాకు నవ్వు వచ్చింది. ఇంత అందం ఒంట్లో దాచుకుని ఆ పిచ్చిముండ తోక ఎత్తి గంతులేసిందా అని.

చాలా ఏళ్ళు పశువుల ఆసుపత్రిలో పనిచేశాను. సూదులు వేశాను. కట్లు కట్టాను. కడుపులో అడ్డం తిరిగిన దూడను భుజం దాకా చెయ్యి పెట్టి సరిచేసి బయటికి లాగాను. తన్నులు తిన్నాను, లెక్కలేనన్ని. జ్వరాన్ని చేత్తో చూశాను. దగ్గును చెవితో విన్నాను. జబ్బు మొహం మాత్రం ఏనాడూ చూడలేదు.

చూడాలనిపించింది. అంతే. ఉద్యోగానికి సెలవు పెట్టి ఈ పరిశోధనశాలలో వచ్చి పడ్డాను.

అత్తయ్య ముక్కున వేలేసుకుంది.

"బతికున్నవాటిని వదిలేసి చచ్చినవాటి వెంట పడ్డావేంటే తల్లీ!"

ఆసుపత్రి రోజుల్లో నేను ఇంటికి రాగానే గుమ్మంలోనే అడిగేది, ఇవాళ ఎవర్ని బతికించావు అని. ఇప్పటికీ అడుగుతుంది, ఆటపట్టించడానికి. నవ్వేసి లోపలికి వెళ్ళిపోతాను. కాళ్ళు కడుక్కునేటప్పుడు మాత్రం ఆ మాట కాసేపు బాధపెడుతుంది.

ఇక్కడ మళ్ళీ ఓనమాలు.

మందునీళ్ళలో గట్టిపడిన కండముక్కను మైనంలో పొదిగి దిమ్మ చేయాలి. దిమ్మను యంత్రానికి బిగించి చక్రం తిప్పాలి. తిప్పినకొద్దీ పొరలు వస్తాయి — ఉల్లిపొర వాటి ముందు దుప్పటి. ఊపిరి బిగబట్టాలి. తుమ్మితే పని గోవింద. పొరను గోరువెచ్చని నీళ్ళ తొట్టిలో వదిలితే ముడతలు విప్పుకుని పరుచుకుంటుంది. కింద నుంచి గాజుపలకతో ఎత్తుకోవాలి. తర్వాత రంగులు. ఊదా, ఆ పైన గులాబీ.

మొదటిసారి నా పొర ముడత లేకుండా నీళ్ళమీద పరుచుకున్నప్పుడు కేక పెట్టాను. పాము వచ్చిందనుకుని పక్కగది వాళ్ళు చీపురుకట్ట పట్టుకుని పరుగెత్తుకొచ్చారు.

నేర్పే పెద్దావిడను చాటుగా అందరూ ఇంకేమిటమ్మ అంటారు. ఏం చూపించినా ఆవిడది ఒకటే ప్రశ్న. ఇది వాపు, మేడమ్. ఇంకేమిటి కావచ్చు? ఇది మచ్చ, మేడమ్. ఇంకేమిటి కావచ్చు? ఆ మాట మాకెంత పట్టిందంటే, క్యాంటీన్‌లో గ్లాసు ఎత్తి, ఇది టీయా, ఇంకేమైనానా అని ఒకరినొకరం అడుగుతాం. ఆ టీ విషయంలో ఆ అనుమానం న్యాయమే.

ఇప్పుడు నడుస్తున్నది దూడల దగ్గుకు కొత్త టీకా పరీక్ష. ఊరి బయట షెడ్డులో దూడలున్నాయి. కొన్నిటికి టీకా పడింది. కొన్నిటికి ఉత్త ఉప్పునీళ్ళు పడ్డాయి. దేనికి ఏది పడిందో మాకు చెప్పరు. తెలిస్తే కళ్ళు ఒక వైపు మొగ్గుతాయి. చచ్చిపోయిన దూడల ఊపిరితిత్తులు అంకెలు వేసుకుని మా దగ్గరికి వస్తాయి. దగ్గు క్రిమి చంపిందా, వేరేదా... అది మేం చెప్పాలి. ఇద్దరు విడివిడిగా చూసి చెప్పాలి. ఒకరు ఇంకేమిటమ్మ. రెండో కుర్చీ ఖాళీ.

ఆ కుర్చీ నాకు కావాలి.

ఎంత కావాలంటే, ఆశపడుతున్నానని పైకి చెప్పడానికి కూడా భయం. ఈ విడత స్లైడ్లు సరిగ్గా చదివితే కుర్చీ నీది, తప్పితే నీ ఆసుపత్రికి నువ్వు వెళ్ళిపో, అంది ఆవిడ. కోపంగా కాదు. మబ్బు పట్టింది, గొడుగు తీసుకెళ్ళు అన్నట్టు చెప్పింది.

పొద్దుట నుంచీ చదువుతున్నాను. కిటికీ బయట సన్నగా వాన. గులాబీ, ఊదా, తెలుపు. గులాబీ, ఊదా...

ఆగాను.

గాలిగొట్టం చివర, ఊదా చుక్కలు గుమిగూడిన చోట... గోడలు.

జంతువు కణానికి గోడ ఉండదు. పల్చటి పొర ఒకటి, అంతే. ఇవి గోడలు. మందంగా, మూలలతో, గదులు గదులుగా. ఇలాంటివి ఆకులో ఉంటాయి. కాడలో ఉంటాయి. గింజ మీది పొట్టులో ఉంటాయి.

దూడ ఊపిరిలో పొట్టు!

దిగ్గున లేచాను. కుర్చీ వెనక్కి పడింది. చూశాను, నేను చూశాను, అని అరిచాను.

ముందుగా వచ్చింది మా సీనియర్. ఏ సంగతైనా క్షణంలో తేల్చేస్తాడు కాబట్టి తేల్చుడన్న. వంగి చూశాడు. క్షణం కూడా పట్టలేదు.

"చుట్టం" అన్నాడు.

పిలవని చుట్టం. నీళ్ళ తొట్టిలోంచో గాలిలోంచో వచ్చి పొర మీద వాలే నలుసుకు మా వాళ్ళు పెట్టుకున్న పేరు. దూది పోగు కావచ్చు. పుప్పొడి కావచ్చు. కొత్తగా వచ్చినవాళ్ళు దాన్ని చూసి లోకం తలకిందులైందని గంతులేయడం మామూలే. తేల్చుడన్న కూడా ఒకప్పుడు దూది పోగును పట్టుకుని, కొత్తరకం పురుగని స్వీట్లు పంచాడట.

నా మొహం మాడిపోయింది. కానీ కాళ్ళు కదల్లేదు. ఇంకేమిటమ్మ వచ్చింది. చూసింది. సొరుగులోంచి వెలుతురును వడగట్టే రెండు నల్లటి అద్దం బిళ్ళలు తీసి వెలుతురు దారిలో ఒకటి పైన, ఒకటి కింద పెట్టి, పైదాన్ని తిప్పింది.

చీకటి. గులాబీ పోయింది. ఊదా పోయింది.

ఆ చీకట్లో... పొట్టు ముక్కలు తళతళమన్నాయి. మబ్బు విడిన ఆకాశంలో చుక్కలు పొడిచినట్టు ఒకటి, ఇంకొకటి, అదిగో మరొకటి. ఆవిడ భుజం పట్టుకుని ఊపేశాను. ఎవరి భుజమో తర్వాత గుర్తొచ్చి వదిలేశాను.

"మొక్కదే, మేడమ్! మొక్క గోడలే ఇలా మెరుస్తాయి!"

"ఇంకేమిటి మెరుస్తుంది?"

చేతి తొడుగుల్లో చల్లే పొడి మెరుస్తుంది. బల్ల మీది దుమ్ము మెరుస్తుంది. మెరిసేదల్లా దూడ పీల్చింది కాదు.

మళ్ళీ కూర్చున్నాను. బిళ్ళలు తీసేశాను. గులాబీ తిరిగొచ్చింది.

అప్పటిదాకా పొట్టునే చూస్తున్నాను. పొట్టు చుట్టూ ఏముందో చూడలేదు.

మెల్లగా మర తిప్పాను. పొట్టూ ఊపిరితిత్తీ ఒక్కసారే తేటపడ్డాయి. పైన వాలిన నలుసైతే ముందో వెనకో తేటపడాలి. ఇది లోపలుంది. ఇక దాని చుట్టూ... అబ్బ! పెద్ద కణాలు. కడుపు నిండా కేంద్రకాలు పెట్టుకున్న కణాలు. మింగుడుపడనిది లోపల దిగితే ఒళ్ళు చేసే పని అది. ఒక్క కణం వల్ల కాకపోతే పదీ కలిసి ఒకటవుతాయి. ఒకటై, ఆ పొట్టును చుట్టుముట్టి, గట్టిగా పట్టుకున్నాయి.

నలుసు చుట్టూ ఎవరు చేరతారు? చచ్చిన ఒళ్ళు దేనికీ లేచి రాదు. గాజు మీద పడిన దుమ్మును ఒక్క కణం కూడా పలకరించదు.

ఇవి లేచి వచ్చాయి.

అంటే పొట్టు లోపలికి వెళ్ళినప్పుడు దూడ బతికే ఉంది. గంటల్లో తయారయ్యే కణాలు కావివి, రోజులు పడుతుంది. అన్ని రోజులూ అది బతికి, ఇంత చిన్న చోట, ఎవరికీ తెలియకుండా పోట్లాడింది. నేను చచ్చినదాన్ని చూడటం లేదు. ఒళ్ళంతా పులకరించింది. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. సంతోషపడ్డందుకు సిగ్గు కూడా వేసింది.

దిమ్మను ఇంకా లోతుకు కోశాను. చుట్టమైతే లోపలి పొరల్లో ఉండదు. నిజమైతే ఉంటుంది. తిండి మాట మరిచిపోయాను. రంగులు ఎక్కేదాకా నిలబడలేక, కూర్చోలేక, పిల్లి పిల్లల్ని తిప్పినట్టు పలకలను ఈ బల్ల మీంచి ఆ బల్ల మీదికి మార్చాను.

కన్ను ఆనించాను.

ఉంది. పైదానికంటే పెద్దది. దాని వెనక మరో రెండు.

ఈసారి తేల్చుడన్న చాలాసేపు చూశాడు. తల ఎత్తి చెవి గోక్కున్నాడు.

"చుట్టం కాదు. కాపురమే పెట్టేసింది."

పుస్తకంలో దీనికి పెద్ద పేరుంది. నోరు తిరగడానికే ఒక పూట పడుతుంది. ఇంకేమిటమ్మ వైపు తిరిగి చెప్పబోతే ఆ పేరు రాలేదు. ఇంట్లో మాట వచ్చింది.

"దీనికి పొలమారింది, మేడమ్."

పొలమారితే ఎవరో తలచుకుంటున్నారంటారు. నెత్తిన తడతారు. ఈ దూడ నెత్తిన ఎవరూ తట్టలేదు.

ఆవిడ వంగి చూస్తూనే ఉంది. చూస్తూనే అడిగింది.

"ముందు దగ్గు వచ్చి తిండి మానేస్తే బలవంతాన తవుడు జావ పోశారా? లేక పోయడం వల్లే దగ్గు వచ్చిందా?"

మొదటిదైతే దగ్గు జబ్బు నిజం. రెండోదైతే ఈ దూడకు దగ్గు జబ్బే లేదు. టీకా లెక్కలో దీనికి చోటే లేదు. గులాబీలో వెతికాను, ఊదాలో వెతికాను. ఏది ముందో పలక చెప్పదు. షెడ్డువాళ్ళే చెప్పాలి.

షెడ్డు...

గడియారం వైపు చూశాను. ఆవిడా చూసింది. సాయంత్రం మేత వేళ. అక్కడ ఇంకా దూడలున్నాయి, బతికి ఉన్నవి.

"టీకా ఊసెత్తకు. జావ ఎలా పడుతున్నారో కనుక్కో" అంది ఇంకేమిటమ్మ. ఫోన్ నా వైపు జరిపింది. తేల్చుడన్న చెయ్యి చాపితే ఆ చేతిని పక్కకు తోసింది. "రెండో కుర్చీ వాళ్ళే మాట్లాడాలి."

ఆ మాట చెవిన పడింది. ఆనందించడానికి తీరిక లేదు. అంకెలు నొక్కాను.

మోగింది. మోగింది. ఎవరో ఎత్తారు. వెనక బకెట్ల చప్పుడు, రేకుల మీద వాన.

"దూడలకు జావ ఎలా పడుతున్నారండీ?"

"ఎలా ఏముందమ్మా, తాగనివాటికి మూతి పైకెత్తి గొట్టంతో పోస్తాం. ఇప్పుడదే పనిలో ఉన్నా, తొందరగా చెప్పండి."

అతని మాట వెనక నుంచి ఒక దగ్గు. చిన్న దగ్గు... లేత గొంతు. జబ్బు దగ్గా, పొలమారిన దగ్గా? ఇన్నేళ్ళు చెవితో విన్నదాన్ని, నాకు తెలియలేదు.

"ఆపండి! పోయకండి! దాని తల కిందికి దించండి... ముందు దించండి!"

బకెట్ దొర్లిన చప్పుడు. అతను ఏదో అన్నాడు, ఫోన్‌కు దూరంగా. తర్వాత ఆ దగ్గు వినబడలేదు.

కళ్ళు గట్టిగా మూసుకున్నాను. రెప్పల వెనక గులాబీ రంగు. వాన చప్పుడు దాటి, అతని అడుగులు దాటి, ఆ దూడ ఊపిరి కోసం వింటున్నాను.