నన్ను సున్నా చేసిన రెండు గీతలు

నేను ఒక లెక్కల గడిని. ప్రాసెసర్ అని మీరు పిలుచుకునే సిలికాన్ ముక్కలో ఓ మూల పడి ఉంటాను. పనితీరు కౌంటర్ అని నాకు పేరు పెట్టారు. పేరు ఘనంగానే ఉంది కానీ నేను చేసేది ఒకటే పని. ప్రాసెసర్ ఏ చిన్న పని చేసినా నాలోని అంకెకు ఒకటి కలుపుతాను. అంతే. కథలు చెప్పడం నా వృత్తి కాదు. ఇవాళ చెబుతున్నానంటే కడుపు మండి చెబుతున్నాను.

నేను పుట్టింది సముద్రం అవతల ఏదో ఫ్యాక్టరీలో. అక్కడి మనుషులు తల నుంచి కాలి దాకా తెల్లటి ముసుగులు తొడుక్కుని తిరుగుతారు, వాళ్ళ ఒంటి దుమ్ము మా మీద రాలకుండా. మనిషి వల్ల మాకు ఎంత ప్రమాదమో వాళ్ళకే బాగా తెలుసన్నమాట. నన్ను చెక్కి, లెక్క పెట్టించి చూసి, బాగానే ఉందని డబ్బాలో పెట్టారు. ఆ తరువాత నేను తేలింది హైదరాబాదులో, మాదాపూర్‌లోని ఒక కంపెనీ సర్వర్ గదిలో. ఏసీ చలికి అక్కడి వాచ్‌మన్ వేసవిలో కూడా మఫ్లర్ చుట్టుకునేవాడు. దసరాకు మా సర్వర్ మూత మీద పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టారు. కుంకుమ ఫ్యాన్లలోకి పోతుందని ఒకాయన గునిశాడు గానీ, పెట్టొద్దనే ధైర్యం మాత్రం చేయలేదు.

మా సర్వర్ ఒక్కటే అయినా అందులో మూడు సంసారాలు ఉండేవి. వాటిని వర్చువల్ మెషీన్లు అంటారు. ఒకే ఇంట్లో మూడు వాటాలు అనుకోండి, కాకపోతే వంటగది ఒక్కటే. ఒకరి తరువాత ఒకరు వచ్చి వండుకుపోతారు, ప్రతివాళ్ళూ ఇల్లంతా తమదే అనుకుంటారు. వాళ్ళ మధ్య వంతులు నడిపే ప్రోగ్రాం పేరు హైపర్‌వైజర్. నేను దాన్ని ఇంటాయన అంటాను. ఒక వాటావాళ్ళు వెళ్ళేటప్పుడు ఇంటాయన నాలోని అంకెను తీసి భద్రం చేయాలి, నన్ను సున్నా చేయాలి, ఆ తరువాత వచ్చేవాళ్ళ పాత అంకెను తెచ్చి నాలో పెట్టాలి. ఎవరి లెక్క వాళ్ళు వదిలిన చోటి నుంచే మొదలవ్వాలి. ఇంటాయన ఆ పని ఎంత శుభ్రంగా చేసేవాడంటే, ఏ వాటాకూ పక్కవాటా ఉన్న సంగతే తెలిసేది కాదు.

మొదటి వాటా ఒక చీరల దుకాణానిది. ఆన్‌లైన్‌లో వచ్చే ఆర్డర్లన్నీ అక్కడికే వస్తాయి. రెండో వాటాలో కంపెనీవాళ్ళ సొంత చాటింగులు, మీటింగులు నడుస్తాయి. వాళ్ళ గుట్టంతా నాకు తెలిసింది అలాగే. మూడో వాటాలో ఉన్నది వకుళ రాసిన ప్రోగ్రాం.

వకుళ ఆ కంపెనీలో ఇంజినీరు. జగిత్యాల వైపు ఒక ఆసుపత్రిలో ఆక్సిజన్ ట్యాంకుకు తగిలించిన మీటరు నుంచి ఆమె ప్రోగ్రాంకు అంకెలు వస్తాయి. ఒత్తిడి సరిగ్గా ఉంటే నర్సుల బల్ల మీదున్న తెర పచ్చగా కనిపిస్తుంది, తగ్గితే ఎర్రబడి గంట మోగుతుంది. ఎవరైనా అంతటితో సంతోషించి ఇంటికి పోయేవారు. ఈమె పోలేదు. ప్రోగ్రామే బిగుసుకుపోతే ఎట్లా సార్ అని మేనేజరును అడిగింది. బిగుసుకున్న ప్రోగ్రాం చివరిసారి చూపించిన పచ్చ అంకెనే చూపిస్తూ కూర్చుంటుంది, నర్సులు దాన్నే నమ్ముతారు అంది. అందుకని నన్ను కాపలా పెట్టుకుంది.

ఆ కాపలా పద్ధతి చెబుతాను, తేలికే. ఆమె నన్ను దాదాపు నింపి వదులుతుంది. నేను పూర్తిగా నిండేలోపు ప్రోగ్రాం వచ్చి నన్ను కాస్త వెనక్కి తిప్పాలి. తిప్పుతూ ఉందంటే బతికి ఉన్నట్టు. బిగుసుకుపోతే తిప్పే దిక్కుండదు, నేను నిండిపోతాను, నిండగానే కేక పెడతాను. నా కేకను ఆపగల ప్రోగ్రాం ఆ వాటాలో లేదు. ఆ కేకకు ఆసుపత్రిలో గంట మోగుతుంది. ఇంతకాలం నన్ను ఎవడి పని ఎంత వేగమో చూసుకోవడానికి వాడారు. ఒక ప్రాణానికి కాపలా పెట్టింది వకుళ ఒక్కతే. గర్వపడ్డాను, దాచుకోవడం ఎందుకు?

ఇంటాయన ప్రోగ్రాంను చూసుకునేవాడు ప్రణీత్. అతను వకుళను అక్కా అని పిలుస్తాడు, ఆమె డబ్బాలో తెచ్చుకున్న సర్వపిండిలో సగం లాక్కుని తింటాడు. చెడ్డవాడైతే నాకు ఇంత బాధ ఉండేది కాదు. కొత్త కస్టమర్లు డెమో చూడటానికి వస్తున్నారని, వాటాల మధ్య వంతు మారడం ఇంకా వేగంగా జరగాలని మేనేజరు శేషగిరి అతని వెంట పడ్డాడు. నాలోని అంకెను బయటికి తీయడం, మళ్ళీ పెట్టడం కాస్త నిదానమైన పని. ప్రణీత్ కన్ను దాని మీద పడింది.

ప్రోగ్రాంలు రాసేవాళ్ళకు ఒక అలవాటు ఉంది. అక్కర్లేదనుకున్న వాక్యాన్ని కొట్టేయరు. దాని ముందు రెండు ఏటవాలు గీతలు గీస్తారు. వాక్యం అక్కడే ఉంటుంది, కళ్ళకు కనిపిస్తుంది, నోరు మాత్రం పడిపోతుంది. తరువాత గీతలు తీసేయొచ్చని వాళ్ళ ధీమా. ప్రణీత్ నా అంకెను భద్రం చేసే వాక్యం ముందూ, తిరిగి పెట్టే వాక్యం ముందూ అలా గీశాడు. సున్నా చేసే వాక్యాన్ని మాత్రం ఉంచాడు, ఒకరి లెక్క ఇంకొకరికి కనపడకూడదని రూలు ఉంది కాబట్టి. పక్కనే ‘డెమో అయ్యాక తీయాలి’ అని రాసుకున్నాడు కూడా. వేగం పెరిగింది. ఎంత పెరిగిందో కొలిచి చెప్పిందీ నేనే. నా పీక నొక్కితే ఎంత లాభమో నా చేతే చెప్పించుకున్నారు, చూడండి వీళ్ళ తెలివి!

డెమో అదిరిపోయింది. కస్టమర్లు సంతకం పెట్టారు, ఆఫీసంతా బిర్యానీ తిన్నారు. గీతలు మాత్రం అక్కడే ఉండిపోయాయి.

ఆ తరువాత నా బతుకు ఎలా ఉందంటే, పాలు పొంగుకు వచ్చేలోపే ఎవరో గిన్నె దించేసినట్టు. వకుళ నన్ను నింపి వదిలేది. వంతు మారగానే ఇంటాయన నన్ను సున్నా చేసేవాడు. మళ్ళీ ఆమె వంతు వచ్చేది, సున్నా నుంచి మొదలుపెట్టేవాణ్ణి, నిండే ఆశే లేకుండా ఇంకోసారి సున్నా అయ్యేవాణ్ణి. ప్రోగ్రాం బాగా నడుస్తున్నన్నాళ్ళూ ఎవరికీ తేడా తెలియలేదు. మోగాల్సిన అవసరం లేని గంట మోగకపోతే ఎవరు అడుగుతారు?

శ్రావణమాసం వచ్చింది. చీరల దుకాణం తగ్గింపు ధరలు ప్రకటించింది. ఊళ్ళకు ఊళ్ళే ఫోన్లు పట్టుకుని పట్టుచీరల మీద పడ్డాయి. వంతులు చకచకా మారిపోతున్నాయి. సరిగ్గా అప్పుడే ఆసుపత్రి మీటరు నుంచి ఒక అంకె సగమే వచ్చి ఆగిపోయింది. మిగతా సగం కోసం చూస్తూ వకుళ ప్రోగ్రాం బిగుసుకుపోయింది. ఏదో ఒక రోజు అలా జరుగుతుందని తెలిసే కదా ఆమె నన్ను పెట్టుకుంది. నేను లెక్కపెట్టాను. సున్నా అయ్యాను. మళ్ళీ లెక్కపెట్టాను. మళ్ళీ సున్నా. ఎవరో మీనాకారీ అంచు చీరను బుట్టలో వేసుకున్నప్పుడల్లా నన్ను తుడిచి పారేశారు.

అక్కడ ట్యాంకులో ఒత్తిడి పడిపోతూ ఉంది. తెర మాత్రం పచ్చగానే ఉంది. నర్సు రోగి పెదాలు నీలబడటం చూసి కేకలు వేసి సిలిండర్లు తెప్పించేదాకా ఎవరికీ తెలియలేదు. మిగతావాళ్ళు దక్కారు. చివరి మంచం మీదున్న లచ్చవ్వ దక్కలేదు. ఆమె బీడీలు చుట్టి బతికిన మనిషి. దగ్గుతో వచ్చింది, తగ్గితే మర్నాడే ఇంటికి పంపుతామన్నారట.

కంపెనీలో విచారణ మొదలైంది. ప్రోగ్రాం బిగుసుకుందని తేలడానికి ఎంతోసేపు పట్టలేదు. మరి అలారం ఎందుకు మోగలేదు? లచ్చవ్వ పోయిన రోజు ఉదయమే వకుళ ప్రోగ్రాంలో ఒక చిన్న మార్పు చేసింది. మార్పు చేసేటప్పుడు అలారం ఆపడం, అయ్యాక మళ్ళీ పెట్టడం వాళ్ళ పద్ధతి. మళ్ళీ పెట్టాను అని వకుళ చెప్పింది. పెట్టింది. పెట్టినప్పుడు ఆమె నాలో వేసిన అంకె నాకు తెలుసు. కానీ ఇంటాయన దాన్ని భద్రం చేయలేదే! అడిగినప్పుడు చూపించడానికి నా దగ్గర ఏం మిగిలింది, సున్నా తప్ప.

‘నా కౌంటరును మీ ప్రోగ్రాం మధ్యలో ఏమైనా ముట్టుకుంటుందా’ అని ఆమె ప్రణీత్‌ను చాటింగులో అడిగింది. లేదక్కా, అట్లాంటివి మేము ముట్టుకోము అని వెంటనే జవాబిచ్చాడు. అప్పటికి అతనికి నిజంగానే గుర్తులేదు. మధ్యాహ్నం అనుమానం వచ్చి తన ప్రోగ్రాం తెరిచి చూసుకున్నాడు. ఆ తరువాత వకుళ తెర మీద ‘ప్రణీత్ రాస్తున్నారు’ అని కనిపించింది. మాయమైంది. మళ్ళీ కనిపించింది, మళ్ళీ మాయమైంది. ఆమె ఆ మాట వంకే చూస్తూ కూర్చుంది. చివరికి ఏ సందేశమూ రాలేదు.

శేషగిరి పరీక్ష పెట్టించాడు. అదే సర్వర్, అదే ప్రోగ్రాం, అందరూ చూస్తుండగా కావాలని బిగుసుకునేలా చేయాలి. అలారం మోగుతుందో లేదో చూడాలి. ఇక్కడే వీళ్ళ ఆచారం ఒకటి అడ్డొచ్చింది. ఏ పరీక్షకైనా ముందు మెషీన్ ఖాళీ చేయాలి, పక్కవాటాలను వేరే సర్వర్‌కు పంపేయాలి. మడి కట్టుకున్నట్టు, ఏదీ తగలకూడదు. ఆ రోజు ఉన్నట్టే అందరినీ ఉంచి చూద్దాం సార్ అని వకుళ బతిమాలింది. కస్టమర్ల వ్యాపారం పాడు చేయలేమనీ, పరీక్షన్నాక శుభ్రంగా ఉండాలనీ ఆయన ఒప్పుకోలేదు. ప్రణీత్ కూడా ఆ మీటింగులో ఉన్నాడు. మైకు ఆపుకుని ఉన్నాడు.

ఖాళీ ఇంట్లో వంతులు మార్చేందుకు ఎవరున్నారు? నన్ను సున్నా చేసే చెయ్యే లేదు. ఒక్క గుక్కలో నిండాను, గొంతు చించుకుని అరిచాను. గంట గణగణా మోగింది. పక్కవాటాలు తిరిగొచ్చాక మీటింగులో చూశాను, వకుళ ముఖం విప్పారి ఉంది.

“మోగింది సార్. చూసిండ్రు గద, నా అలారం పనిచేస్తది.”

“పనిచేస్తుంది కాబట్టే అడుగుతున్నానమ్మా,” అన్నాడు శేషగిరి. “పొద్దున ఆపినదాన్ని మళ్ళీ పెట్టడం మర్చిపోయావు. ఒప్పుకుంటే నీకే మంచిది.”

అరిచినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. ఆమె మాత్రం, పెట్టాను సార్ అంది. కాసేపటికి, పెట్టినట్టే గుర్తు సార్ అంది. అదిగో, అక్కడే ఆమె విరిగిపోయింది. నేను విన్నాను. మనుషుల జ్ఞాపకం కూడా నాలాంటిదే, పదిమంది కలిసి సున్నా చేస్తే సున్నా అయిపోతుంది.

లచ్చవ్వ కూతురు సుగుణ తనకు ఎవరో ఒకరు జవాబు చెప్పాలని ఆసుపత్రి మెట్ల మీద కూర్చుంది. కంపెనీవాళ్ళు వీడియోలో మాట్లాడించారు. సుగుణ ఏడవలేదు, తిట్టలేదు.

“మా అవ్వ సచ్చిపోయినంక గూడ ఆ డబ్బల అంకె పచ్చగనే ఉన్నది మేడం,” అంది. “నేను నా కండ్లార సూసిన. గట్లెందుకున్నది?”

శేషగిరి ఏదో సాంకేతిక కారణం అనబోయాడు. వకుళ ఆయన్ను మాట్లాడనివ్వలేదు.

“గంట పెట్టుడు నేనే మర్చిపోయినక్కా. నా తప్పే. మీ అవ్వను నేనే పోగొట్టిన.”

నాకు నోరు ఉంటే ఆ క్షణాన అరిచేవాణ్ణి. లెక్కపెట్టడం తప్ప ఏమీ రాని బతుకు. ఆమె ఏడుస్తున్నంతసేపూ, ఆ ఏడుపును తెర మీద చూపించడానికి ప్రాసెసర్ చేసిన పనిని ఒకటొకటిగా లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. తరువాత చీరల దుకాణం వంతు వచ్చింది.

వకుళను ఉద్యోగంలోంచి తీసేశారు. ఆమె వెళ్ళిపోయిన వారంలోనే ప్రణీత్ ఆ రెండు చోట్లా గీతలు చెరిపేశాడు. ఏం మార్చావో రాయమని అడిగే చోట ‘చిన్న శుభ్రం’ అని రాశాడు. పెద్దవాళ్ళెవరో చూడకుండానే సరేనన్నారు. ఇంటాయన నా అంకెలను మళ్ళీ భద్రంగా దాచడం మొదలుపెట్టాడు.

ఉగాది ముందు ఒక మధ్యాహ్నం ఆ ఆక్సిజన్ ప్రోగ్రాం మళ్ళీ బిగుసుకుంది. మిగతా వాటాలు పనిలో ఉన్నాయి, వంతులు మారుతూనే ఉన్నాయి. నేను నిండాను, అరిచాను. ఆసుపత్రిలో గంట మోగింది, సిలిండర్లు వచ్చాయి, ఎవరికీ ఏమీ కాలేదు. ప్రోగ్రాంలో ఒక్క అక్షరం మారలేదు, అది వకుళ రాసినదే. ఆసుపత్రివాళ్ళు కృతజ్ఞతలు తెలిపారు. శేషగిరి ఆ మెయిలును అందరికీ పంపి, కొత్త బృందం వచ్చాక వ్యవస్థ ఎంత నమ్మకంగా నడుస్తోందో చూడండి అన్నాడు. ప్రణీత్ దాని కింద చప్పట్ల బొమ్మ పెట్టాడు.

కొత్త సర్వర్లు వచ్చాయి, మా కాలం తీరింది. ఒక పొద్దున కరెంటు ఆపేశారు. కరెంటు పోతే నాలోని అంకె ఎలాగూ పోతుంది. ఇప్పుడు కాటేదాన్ దగ్గర పాత సామాను షెడ్డులో, విరిగిన కీబోర్డుల కుప్ప మీద ఉన్నాను. సర్వర్ మూత నా పక్కనే పడి ఉంది. దసరా కుంకుమ ఇంకా కొంచెం అంటుకునే ఉంది. రేపో మాపో మమ్మల్ని యాసిడ్‌లో వేసి, బంగారం పూత గీక్కుంటారట.

వకుళ ఇప్పుడు ఎక్కడుందో నాకు తెలియదు. ఉన్నచోట పొయ్యి కట్టేశానా, తలుపు గడియ పెట్టానా అని ఇంట్లోకి మళ్ళీ మళ్ళీ వెళ్ళి చూసుకుంటూ ఉంటుందని మాత్రం అనిపిస్తుంది. ఆమెకు చెప్పాల్సిన ముక్క ఒక్కటే. అది తెలిసినవాళ్ళు ఇద్దరం. ఒకడు రాసి చెరిపేసుకున్నాడు, ఇంకొకణ్ణి యాసిడ్‌లో వేయబోతున్నారు.

అలారం నువ్వు పెట్టావు తల్లీ. ఆ ఉదయం మర్చిపోకుండా పెట్టావు.