లావు గొట్టం చల్లనిది

ముప్పై ఏళ్లు ఫ్రిజ్‌లు బాగుచేసిన మెకానిక్‌కి వృత్తి నేర్పిన సూత్రం ఒకటే: లావు గొట్టం చల్లనిది, సన్న గొట్టం వేడిది. సన్నదాన్ని పట్టుకుని చెయ్యి కాల్చుకున్నవాడికి ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

కొట్టు మూసేశాక అతను మరదలి ప్రయోగశాలలో చేరాడు. ఆమె గ్యాసు, కంప్రెసర్ లేని ఫ్రిజ్ తయారుచేస్తోంది. గాడోలినియం అనే లోహపు రేకులు, ఒక పెద్ద అయస్కాంతం, నీళ్లు తోసే పంపు, ముందు చల్లబరిచే ఒక డబ్బా, వెనక వేడిని బయటికి వదిలే ఒక జాలీ. అంతే. గుమ్మం దగ్గర పళ్లెం ఉంటుంది. వచ్చినవాళ్లు వాచీ, తాళాలు అందులో వదలాలి. మొదటిరోజు మెకానిక్ జేబులో పానా మరిచిపోయాడు. దాన్ని అయస్కాంతం నుంచి ఊడదీయడానికి ఇద్దరు మనుషులు కావాల్సి వచ్చారు.

"ఆ రేకుల్లో ఏముంది?" అని ఒకసారి అడిగాడు.

"లెక్కలేనన్ని బుల్లి అయస్కాంతాలు, బావా. తలో దిక్కూ చూస్తుంటాయి. పెద్ద అయస్కాంతం దగ్గరికి తెస్తే అన్నీ ఒకేవైపు తిరుగుతాయి, రేకు వేడెక్కుతుంది. ఆ వేడిని నీళ్లతో వెనక జాలీకి తోసేస్తాం. రేకుని అవతలికి లాగితే మళ్లీ చెదిరిపోతాయి, రేకు చల్లబడుతుంది. ఆ చల్లదనాన్ని డబ్బాకి తోస్తాం."

"మా పెళ్లి ఫొటోలో మీవాళ్లు నిలబడ్డట్టన్నమాట."

"మావాళ్లు బానే నిలబడ్డారు. కదిలింది మీవాళ్లే."

ఆ లోహం మెకానిక్‌కి నచ్చలేదు. పొద్దున చిన్న అయస్కాంతానికి అంటుకున్న రేకు మధ్యాహ్నం జారిపడేది. ఇరవై డిగ్రీలు దాటితే దానికి ఇనుము గుణం పోతుందనీ, పని బాగా జరిగేది ఆ మెట్టు దగ్గరేననీ మరదలు చెప్పింది. అందుకే గదిని ఇరవై దగ్గర ఉంచడానికి గోడకి ఏసీ పెట్టారు. కంప్రెసర్‌తో నడిచేదే. మెకానిక్ దాన్ని రోజూ తుడిచేవాడు.

మంగళవారం మూడింటికి, గది ఇచ్చిన సంస్థ అధికారి యంత్రాన్ని పరీక్షించడానికి వచ్చాడు. గ్లాసుడు నీళ్లు గంటలో పన్నెండు డిగ్రీలకి దిగాలి. దిగకపోతే గది ఖాళీ చెయ్యాలి. అందులో విరిగిన కుర్చీలు పెడతారు. మరదలికి అది మూడేళ్ల పని.

అరగంటకి డబ్బాలో నీళ్లు ఇరవైనాలుగుకి చేరాయి.

"పెరుగుతోంది," అన్నాడు అధికారి.

"అవునండీ," అంది మరదలు.

ఆమె పంపు చూసింది, తీగలు చూసింది. రేకులు పగిలాయేమోనంది. మెకానిక్ వెనక్కి వెళ్లి జాలీ మీద చెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది.

నిన్న గొట్టాలు బిగించింది అతనే. మరదలు గీసిన బొమ్మలో లావుది జాలీకి, సన్నది డబ్బాకి ఉన్నాయి. ఆమె పొరపాటు పడిందనుకున్నాడు. చెబితే మొహం చిన్నబోతుందని, చెప్పకుండా మార్చేశాడు.

ఊరుకుంటే తప్పు రేకుల మీదికి పోతుంది.

"అమ్మాయ్, గొట్టాలు నేనే తిరగేశాను."

"ఎందుకు?"

"నువ్వు తప్పు గీశావనుకున్నా."

"అడగొచ్చుగా?"

"చిన్నబుచ్చుకుంటావని."

మరదలు అతని వైపు చూసింది. "ఇప్పుడు చాలా పెద్దదాన్నయ్యాను, బావా."

"విప్పి మార్చండి," అన్నాడు అధికారి.

"విప్పితే నీళ్లన్నీ కారిపోతాయి సార్," అంది మరదలు. "మళ్లీ నింపి, లోపలి గాలి తీసేసరికి రేపు మధ్యాహ్నం."

"అయిదింటికి నా బండి వస్తుంది."

మెకానిక్ డబ్బా తలుపు బార్లా తీశాడు. జాలీ వెనక ఉన్న ఫ్యాను విప్పి డబ్బా ముందు పెట్టాడు. గ్లాసుని జాలీకి ఆనించి, తన క్యారియర్ కట్టుకొచ్చిన తువ్వాలుతో రెండింటినీ కలిపి చుట్టాడు. అప్పటికి నాలుగైంది. ముగ్గురూ కూర్చున్నారు. యంత్రం చప్పుడు చెయ్యదు కాబట్టి ఏసీ చప్పుడు విన్నారు.

అయిదింటికి పది నిమిషాలుండగా మరదలు తువ్వాలు తీసి థర్మామీటరు ముంచింది. పదకొండు పాయింట్ ఎనిమిది.

అధికారి కాగితం తిరగేశాడు. "ఇందులో 'డబ్బాలో' అని ఉంది."

"డబ్బా ఇప్పుడు వెనకాల ఉందండీ," అన్నాడు మెకానిక్.

అధికారి లేచి వెనక్కి వెళ్లాడు. జాలీ మీద అరచెయ్యి పెట్టి ఉంచాడు. తర్వాత రాశాడు: "యంత్రము చల్లబరచుచున్నది. వెనకవైపు నుండి. గది ఇంకొక ఏడాది ఉంచవచ్చును." పళ్లెంలోంచి వాచీ తీసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు మెకానిక్ బొమ్మ చూసి గొట్టాలు మార్చాడు. మధ్యాహ్నం యంత్రం నడిపి, లావు గొట్టాన్ని పిడికిట్లో పట్టుకున్నాడు. వెచ్చగా ఉంది. చాలాసేపు పట్టుకునే నిలబడ్డాడు.

"కాలుతోందా?" అంది మరదలు.

"లేదు."

"మరి వదులు, బావా."