అభ్యంతరం పెట్టినవారు

పిడుగురాళ్ల దగ్గర సున్నపు బట్టీలు దాటాక వచ్చే ఆ ఊళ్ళో ఎవరింటికి ఏ కాగితం వచ్చినా ముందు చేరేది మల్లేశ్వరరావు జిరాక్సు కొట్టుకే. బ్యాంకు నోటీసయినా, ఆస్పత్రి రిపోర్టయినా అతను చదివి చెప్పాల్సిందే. అలాంటి మనిషి తను సంతకం పెట్టిన కాగితాల్ని మాత్రం తనే సరిగ్గా చదవలేదంటే ఎవరూ నమ్మరు. నమ్మాల్సిన పనీ లేదు, అది పూర్తిగా నిజం కాదు గనక.

ఆ రోజు కవరు తెచ్చింది మస్తానమ్మ. అరవై దాటిన మనిషి. పొద్దున బట్టీలో పని, మధ్యాహ్నం నుంచి మల్లేశ్వరరావు కొట్టు ముందున్న స్టూలు మీద కాపురం. అతను అన్నానికి ఇంటికి వెళ్తే కొట్టు ఆమెదే. వచ్చినవాళ్ళను "కూర్చోండి, వస్తాడు" అని కూర్చోబెడుతుంది. చుట్టరికం ఏమీ లేకపోయినా అతను ఆమెను అత్తా అంటాడు, ఆమె అతన్ని అబ్బాయా అంటుంది. ఇరవై ఏళ్ళుగా అదే వరస.

కవరు విప్పగానే మల్లేశ్వరరావుకు అర్థమైంది. ఓటర్ల జాబితా నుంచి మస్తానమ్మ పేరు తీసేయాలని ఒకరు ఫారం ఏడు ఇచ్చారు, ఆమె ఈ ఊళ్ళో ఉండటం లేదట, మంగళవారం మండలాఫీసులో విచారణకు రావాలట. కింద 'అభ్యంతరం పెట్టినవారు' అని ఉంది. దాని ఎదురుగా అతని పేరు, తండ్రి పేరు, ఫోను నంబరు. చప్పున దాని మీద బొటనవేలు పెట్టేశాడు. ఎదురుగా ఉన్న మనిషికి అక్షరం ముక్క రాదు. అయినా గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టే అయింది.

"నువ్వు ఊళ్ళో ఉండట్లేదని ఎవరో రాశారత్తా" అన్నాడు.

"రోజూ నీ కొట్టు ముందే గదా ఉండేది. ఎవరబ్బాయా ఆ రాసింది?"

"పేరు లేదు."

అబద్ధం అంత సులువుగా వచ్చినందుకు అతనికే నమ్మబుద్ధి కాలేదు. మస్తానమ్మ స్టూలు దగ్గరికి జరుపుకుంది. తనకు పొలం లేదు, ఇల్లేమో వాగు పోరంబోకులో ఉంది, రేపు ఎవరైనా లేవగొడితే అడిగే దిక్కు లేదు, తను ఈ ఊరి మనిషినని సర్కారు పుస్తకంలో రాసి ఉన్నది ఆ ఓటు దగ్గరేనని చెప్పింది. మొగుడు పోయాక కూడా ఒక్క ఎన్నిక తప్పలేదట. మిరపకోతలకు మాచర్ల వైపు పోయినా ఓటు రోజుకు బస్సెక్కి వచ్చేదట. చివరికి, మంగళవారం అతను తోడు రావాలని అడిగింది. చదువుకున్నవాడు, తనను రోజూ చూసేవాడు, అతను చెబితే ఆఫీసులో నమ్ముతారని ఆమె ధైర్యం.

వస్తానన్నాడు. రానని చెప్పడానికి నోరు రాలేదు.

ఆమె వెళ్ళాక దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాడు. అసలు సంగతి రెండు నెలల కిందటిది. పార్టీ తరఫున బూత్ ఏజెంటుగా అతని పేరే ఉంది. సాంబశివరావు గారు, అంటే ఊళ్ళో పార్టీకి పెద్దదిక్కు, ఇంటికి పిలిచి నింపిన ఫారాలు ముందు పెట్టారు. ఒక ఏజెంటు రోజుకు పదికి మించి ఇవ్వకూడదంట గనక రోజుకు పది చొప్పున నాలుగు రోజులు. ఆ ఇంట్లో పెద్దాయన కాగితం పెడితే సంతకం పెట్టాలి గానీ చదవకూడదు. చదివితే "ఏం, నమ్మకం లేదా?" అంటారు. ఆ మాట పడటం కన్నా అప్పుల పాలవడం నయమనుకునే ఊరది. కాబట్టి మల్లేశ్వరరావు తల వంచుకుని పెట్టుకుంటూ పోయాడు.

మూడో రోజు ఆరో ఫారం దగ్గర కలం ఆగింది. మస్తానమ్మ పేరు. పక్కన ఇంటి నంబరు. వేరే మస్తానమ్మ అనుకోవడానికి లేదు. ఆమె మొగుడు బతికున్నప్పుడు అవతలి పార్టీ జెండా మోశాడు, అంతకు మించి ఆమె చేసిన తప్పేమీ లేదు. "ఏందిరా ఆగావు?" అన్నారు సాంబశివరావు గారు. మిరపకోతలకు రెండు నెలలు ఊళ్ళో ఉండదుగా, అదీ అబద్ధం కాదులే అనుకున్నాడు. ఎలాగూ విచారణ చేస్తారు, నిజముంటే ఉంచుతారులే అని కూడా అనుకున్నాడు. ఏమీ లేదండీ అని సంతకం పెట్టాడు. అంతా కలిపి ఒక నిమిషం పట్టలేదు. సాయంత్రం కొట్టుకొచ్చేసరికి ఆమె మంచినీళ్ళ బిందె నింపి పెట్టి ఉంది, తాగాడు కూడా.

ఇప్పుడు వెళ్ళి విచారణ సంగతి చెబితే సాంబశివరావు గారు నవ్వారు. అది తన సంతకం కాదని, ఎవరో దొంగ సంతకం పెట్టారని చెప్పేయమన్నారు. అంతకన్నా తేలిక దారి లేదు. మంగళవారం దాకా మల్లేశ్వరరావు ఆ మాటే నెమరేసుకున్నాడు.

మంగళవారం మస్తానమ్మ తలకు నూనె రాసుకుని, పెట్టెలో దాచిన చీర కట్టుకుని, ఓటు కార్డు ప్లాస్టిక్ సంచిలో చుట్టుకుని వచ్చింది. నా పని మీద వస్తున్నావు అంటూ ఆటో డబ్బులు తనే ఇచ్చింది. దారి పొడుగునా అతను రోడ్డు మీద లారీలనే చూస్తూ కూర్చున్నాడు. ఆమె ముఖం చూడాలంటే సిగ్గేసింది.

మండలాఫీసులో డిప్యూటీ తహసీల్దారమ్మ ఫైలు తెరిచి, నువ్విక్కడే ఉంటావని ఎవరు చెబుతారు అని అడిగింది. మస్తానమ్మ అతని భుజం పట్టుకుని ముందుకు తోసింది. ఆఫీసరమ్మ పేరు అడిగింది, తండ్రి పేరు అడిగింది. రాసుకోబోయి ఫైలు వైపు చూసింది, మళ్ళీ అతని వైపు చూసింది.

"అభ్యంతరం పెట్టిందీ ఈ పేరే. మీరేనా?"

నా సంతకం కాదండీ అనే మాట నాలుక మీదికి వచ్చింది. మస్తానమ్మ చెయ్యి ఇంకా అతని భుజం మీదే ఉంది. ఆ చేతి కింద ఆ అబద్ధం చెప్పలేకపోయాడు.

"నేనేనండీ. ఆమె ఊళ్ళోనే ఉంటది. నేను రాసింది తప్పు."

భుజం మీది చెయ్యి మస్తానమ్మ తీసేసింది. తప్పుడు డిక్లరేషన్ ఇస్తే జైలు కూడా పడుతుందని తెలుసా అని ఆఫీసరమ్మ గట్టిగానే అడిగింది. అతని పేరుతో వచ్చిన ఫారాలన్నీ బయటికి తీయించింది. నలభై. ఎవరి గుమ్మమైనా తొక్కి విచారించావా అంటే, లేదండీ, ఒక్కరిదీ లేదు అన్నాడు. అదంతా వాంగ్మూలం రాయించి సంతకం తీసుకుంది. ఈసారి ప్రతి అక్షరమూ చదివి పెట్టాడు. అతని మీద ఏం చర్య ఉంటుందో తర్వాత తెలుస్తుందట. మస్తానమ్మ పేరు జాబితాలో ఉంటుందని చెప్పి ఆమె వేలిముద్ర వేయించింది.

బయట చింతచెట్టు నీడలో ఇద్దరూ ఆటో కోసం నిలబడ్డారు. ఆమె తిడుతుందనుకున్నాడు, తిడితే బాగుండుననుకున్నాడు. ఆమె చీర కొంగుతో వేలి సిరా తుడుచుకుంది.

"ఆ పెద్దాయన కాయితాలే అయ్యుంటయ్యి. అంత కట్ట ముందేస్తే నువ్వు మాత్రం ఎన్నని చూస్తావు. చూడకుండా పెట్టేసుంటావులే అబ్బాయా."

ఇరవై ఏళ్ళ వరస మొత్తం ఆ మాటలో పెట్టి అతని చేతికిచ్చింది. ఊఁ అంటే చాలు. సాయంత్రం మళ్ళీ స్టూలు మీద కూర్చుంటుంది, అత్తా అంటే పలుకుతుంది. ఆమె చేసిన దయకు మల్లేశ్వరరావు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"చూశానత్తా" అన్నాడు. "నీ పేరు చూసే పెట్టా."

ఆమె అతని ముఖం వైపు చూసింది. ఆటో వస్తే చెయ్యెత్తి ఆపి ఎక్కి కూర్చుంది, పక్కన ఖాళీ ఉన్న చోట తన ప్లాస్టిక్ సంచి పెట్టుకుంది.